విశాఖలో పదివేల లోపు అద్దె ఇల్లు: ఆరిలోవ వైపు ఎక్కడ చూడాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. ఆరిలోవ హెల్త్ సిటీలో ఒక ఆసుపత్రిలో నాకు ల్యాబ్ టెక్నీషియన్‌ ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, నాలుగో తరగతి చదివే పాప, మా అత్తగారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. మా ఆయన ఇక్కడ డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సెల్ రిపేరు షాపులో పని చేస్తున్నారు, విశాఖ వెళ్ళాక అక్కడ చూసుకోవాలి. అప్పటిదాకా నా జీతం మీదే ఇల్లు నడవాలి. అద్దె పదివేలు దాటితే మా వల్ల కాదు. సైట్లలో చూస్తే మధురవాడలో డబుల్ బెడ్రూం పదిహేను, పద్దెనిమిది వేలంటున్నారు. అడ్వాన్సు వేరే, మెయింటెనెన్స్ వేరే. చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది. నాకు కొన్ని వారాలు పొద్దుటి డ్యూటీ, కొన్ని వారాలు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. ఏ ఏరియా చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

గోస్తని_ఒడ్డు (తగరపువలస)
చెల్లెమ్మా, ముందుగా కంగ్రాట్స్. మాది గరివిడి, ఇక్కడ స్థిరపడి చాలాకాలమైంది. పదివేల లోపు ఇళ్ళు సైట్లలో దొరకవు. గేటుకి అట్టముక్క కట్టి టు-లెట్ అని చాక్‌పీసుతో రాసిపెట్టినవే మనకి దొరికేవి. కాబట్టి ఫోనులో చూసి బెంగపడకండి.

మీకో మంచి వీలుంది. మన శ్రీకాకుళం బస్సులైనా విజయనగరం బస్సులైనా తగరపువలస, ఆనందపురం, మధురవాడ, హనుమంతవాక మీదుగానే ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్తాయి. మీ ఆసుపత్రి హనుమంతవాకకి దగ్గరే. ఈ దారిలో ఎక్కడ ఇల్లు తీసుకున్నా ఒక్క బస్సు చాలు, మధ్యలో మారక్కర్లేదు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం ఉంది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు టికెట్టు డబ్బులు అక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఇదివరకు దూరంగా ఉంటే అద్దెలో మిగిలింది బస్సు ఛార్జీలకి పోయేది. ఇప్పుడు ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఆ లెక్కే మారిపోయింది. మా వీధిలో కింది పోర్షను, రెండు గదులు, వంటిల్లు, ఏడు వేలు చెబుతున్నారు. నీళ్ళకి ఇబ్బంది లేదు. మీరు చూస్తానంటే ఓనరుగారితో మాట్లాడతాను.

సెకండ్_షిఫ్ట్ (చీపురుపల్లి, ప్రస్తుతం చినగదిలి)
గోస్తని అన్నయ్య చెప్పింది పొద్దుటి డ్యూటీకి బాగానే ఉంటుంది. నేను నర్సుని, ఆ రోడ్డులోనే పని చేస్తాను కాబట్టి రాత్రి సంగతి చెబుతాను. పదింటికి డ్యూటీ దిగడం పేరుకే. తర్వాతి షిఫ్టు వాళ్ళకి అన్నీ అప్పజెప్పి బయటపడేసరికి పదిన్నర. ఆ టైముకి సిటీ బస్సులు పలచబడిపోతాయి. హైవే బస్సులు ఉంటాయి గానీ అన్నీ ఆపరు. ఆపినా కొన్నింట్లో ఫ్రీ ఉండదు. తగరపువలసలో దిగాక ఇంటిదాకా నడవాలి. చలికాలంలో, వానలో, ఒంటరిగా, నెలలో సగం రోజులు ఇలా అంటే మనిషి నలిగిపోతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి దీనివల్లే ఉద్యోగం మానేసింది.

నా మాట వింటే పెదగదిలి, చినగదిలి, రవీంద్రనగర్ చూడండి. ఆసుపత్రి నుంచి షేర్ ఆటోలో వచ్చేయొచ్చు. కాకపోతే ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్ళు చాలా ఉంటాయి. పైకి వెళ్ళే కొద్దీ అద్దె తగ్గుతుంది, మెట్లు పెరుగుతాయి. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు కిందనే ఆగుతుంది, బిందెలు మోసుకోవాలి. మీ అత్తగారితో పైన ఇల్లు వద్దే వద్దు. ఇంకొక మాట: ఇల్లు చూడ్డానికి పగలు ఒకసారి వెళ్తే, నచ్చితే అదే ఇంటికి రాత్రి పదిన్నరకి మీ ఆయనతో కలిసి మరోసారి వెళ్ళండి. వీధి లైట్లు వెలుగుతున్నాయా, కుక్కలు ఎలా ఉన్నాయి, సందు మొదట్లో ఏ షాపు తీసి ఉంటుంది, ఇవి పగలు తెలియవు.

తోటపాలెం_మాస్టారు (విజయనగరం)
అమ్మా, మీ అత్తగారి గురించి రాసింది చదివాక ఇది చెప్పాలనిపించింది. అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అంటే చాలాచోట్ల పార్కింగే. ఇళ్ళు మొదటి అంతస్తు నుంచి ఉంటాయి. లిఫ్ట్ ఉన్నది తీసుకుందామంటే మెయింటెనెన్స్ కలిసి మీ బడ్జెట్ దాటుతుంది. లిఫ్టు పాడైన రోజున ఆవిడ ఇంట్లోనే చిక్కుకుపోతారు. అందుకని అపార్ట్‌మెంట్ ఆశ వదిలేసి, ఓనరు పైన ఉండి కింద అద్దెకిచ్చే డాబా ఇల్లు చూడండి. గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయి, బాత్రూంలో కమోడ్ ఉందా, గచ్చు జారుతుందా చూసుకోండి. తెలుపు టైల్స్ ముద్దుగా ఉంటాయి గానీ తడిస్తే పెద్దవాళ్ళకి ప్రమాదం.

అగ్రిమెంటు గురించి కూడా రాస్తాను, చాలామంది సంతకం పెట్టేస్తారు గానీ చదవరు. అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటే లీజుని రిజిస్టర్ చేయించి తీరాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలలు. కానీ మన రాష్ట్రం 1999లో ఆ చట్టాన్ని సవరించింది, దాని ప్రకారం ఇక్కడ 11 నెలల లీజునైనా రిజిస్టర్ చేయించాలి. మీరు చూడాల్సినవి వేరే: ఖాళీ చేయమంటే ఎన్ని నెలలు ముందు చెప్పాలి, రెండు వైపులా అదే గడువు ఉందా, పెయింట్ ఖర్చు ఎవరిది, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు. ‘ఖాళీ చేసిన రోజే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి’ అని ఒక వాక్యం రాయించండి. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. అది నమూనా చట్టం, రాష్ట్రం చేసుకున్నదే ఇక్కడ చెల్లుతుంది. అయినా ఓనరు ఆరు నెలలు అడిగినప్పుడు మర్యాదగా ఈ మాట చెప్పడానికి పనికొస్తుంది.

మీటర్_రీడింగ్ (బొబ్బిలి)
కరెంటు విషయం ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. డాబా ఇళ్ళలో రెండు పోర్షన్లకి ఒకే సర్వీసు, అంటే ఒకే కరెంటు కనెక్షన్ ఉండడం మామూలు. ‘సబ్ మీటర్ పెట్టాం, మీరు కాల్చినంతే కట్టండి’ అంటారు. విన్నంతసేపూ న్యాయంగానే ఉంటుంది. కానీ బిల్లు స్లాబుల్లో పడుతుంది కదా. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75.

మీరు వంద యూనిట్లు కాల్చారు, ఓనరూ వంద కాల్చారు అనుకోండి. ఎవరి మీటరు వాళ్ళకుంటే ఒక్కొక్కరికి 304.50, ఇద్దరికీ కలిపి 609 రూపాయలు. ఒకే మీటరు మీద 200 యూనిట్లు పడితే 867 అవుతుంది. ఇద్దరూ ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చకుండా 258 రూపాయలు ఎక్కువ. సర్దుబాటు ఛార్జీలు, ఫిక్సెడ్ ఛార్జీలు వేరే. ఓనరుకి ఏసీ ఉంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఆయన ఏసీ మిమ్మల్ని 8.75 స్లాబులోకి లాగుతుంది. కాబట్టి మీ పోర్షనుకి విడిగా సర్వీసు నంబరు ఉందో లేదో అడగండి. ఉంటే ఆ నంబరుతో మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ యాప్‌లో పాత బాకీలు ఉన్నాయేమో చూసుకోండి. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ బిల్లు మీ నెత్తిన పడకూడదు.

నాగావళి_గట్టు
మాస్టారూ, మీటర్ గారూ, అందరికీ చాలా థ్యాంక్స్. ఇవేవీ నాకు తట్టలేదు. నర్సు అక్క చెప్పిన రాత్రి సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. ఆయనా అదే భయపడుతున్నారు. ఇంకో విషయం. ఓఎల్ఎక్స్‌లో ఎండాడలో ఒక ఇల్లు కనిపించింది. ఫొటోల్లో కొత్త ఇల్లు, ఎనిమిది వేలే. ఫోన్ చేస్తే తాను ఆర్మీలో పని చేస్తానని, కాశ్మీర్‌కి బదిలీ అయిందని, టోకెన్‌గా అయిదు వేలు వేస్తే తాళాలు వాచ్‌మన్ ఇస్తాడని చెప్పాడు. క్యూఆర్ కోడ్ కూడా పంపాడు. వెయ్యొచ్చా?

పెందుర్తి_రాజాం (పెందుర్తి)
వద్దమ్మా, ఒక్క రూపాయి కూడా వెయ్యొద్దు. ఇది పాత మోసమే. ఆర్మీ ఐడీ కార్డు ఫొటో పంపుతారు, ఆధార్ పంపుతారు, అవి వేరే ఎవరివో. ముందు పది రూపాయలు పంపి ‘చూడండి, మీకు డబ్బులొచ్చాయి’ అని నమ్మిస్తారు, తర్వాత కోడ్ స్కాన్ చేయమంటారు. డబ్బులు రావడానికి ఎప్పుడూ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఇంటి లోపల నిలబడి, ఓనరుని ఎదురుగా చూసి, ఇంటి పన్ను రసీదులో అదే పేరుందో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు. ఎవరికైనా ఇప్పటికే డబ్బులు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

వంశధార_పిల్ల (నరసన్నపేట, ప్రస్తుతం సీతమ్మధార)
నాగావళి అక్కా, దీనికీ సిద్ధంగా ఉండండి. ఫోన్లో గదులెన్ని, అద్దెంత అని మనం అడిగేలోపే అవతలివాళ్ళు ‘మీరేమిట్లు?’ అని కులం అడుగుతారు. తర్వాత నాన్‌వెజ్ తింటారా అంటారు. ఊరు పేరు చెప్పగానే గొంతు మారినవాళ్ళు కూడా నాకు తగిలారు. బాగా చదువుకుని మంచి ఉద్యోగం చేస్తున్నా ఈ ప్రశ్న వదలదు. నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ వేస్తుంది.

తోటపాలెం_మాస్టారు
అమ్మా, బాధపడకండి. వాళ్ళింట్లో పూజలూ అవీ ఉంటాయని కొంతమంది శాకాహారులకే ఇస్తామంటారు, అది వాళ్ళ ఇష్టం అనుకుని వదిలేయాలి.

వంశధార_పిల్ల
మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ శాకాహారం పేరు చెప్పి అడిగేది కులమే అని మనందరికీ తెలుసు. గుడ్డు వండుకుంటే గోడకి ఏమవుతుంది? అద్దె టైముకి కడతామా, ఇల్లు శుభ్రంగా ఉంచుతామా, ఇవి అడిగితే ఎన్నైనా చెబుతాం. ఇది వదిలేసే విషయం కాదు. మన వేదికలో ఇల్లు అద్దెకి పెట్టేవాళ్ళయినా ఆ ప్రశ్న అడగకుండా ఉంటే బాగుంటుంది. నా మాటకొస్తే, అడిగినవాళ్ళింట్లో నేను దిగలేదు. అడగనివాళ్ళు దొరికారు, వాళ్ళింట్లోనే ఉంటున్నాను.

సెకండ్_షిఫ్ట్
వంశధార చెప్పిందే నిజం. నాగావళీ, బ్రోకరుకి ఒక నెల అద్దె ఇచ్చేకంటే ఇలా చేయండి. ఆ కాలనీలో మంచినీళ్ళ క్యాన్లు వేసే కుర్రాడిని అడగండి. ఎవరు ఖాళీ చేస్తున్నారో అందరికంటే ముందు వాడికే తెలుస్తుంది, క్యాన్ డిపాజిట్ వెనక్కి అడుగుతారు కాబట్టి. ఇస్త్రీ బండి ఆయన, కిరాణా షాపు ఆవిడ కూడా చెబుతారు. మా ఆసుపత్రి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కూడా పెడతాను.

ఇంటికి వెళ్ళినప్పుడు గోడల కింది భాగం చూడండి. పైన పాత సున్నం ఉండి కింద మోకాలెత్తు దాకా మాత్రం కొత్త పెయింట్ ఉంటే చెమ్మ దాచినట్టే. అరచెయ్యి ఆనించి చూడండి, చల్లగా తగులుతుంది. కుళాయి చుట్టూ, బకెట్ అంచున తెల్లటి పొర కట్టి ఉంటే బోరు నీళ్ళు బాగా ఉప్పన్నమాట. బట్టల సబ్బు నురగ రాదు, జుట్టు అట్టలు కడుతుంది. మున్సిపల్ కుళాయి ఉందా, ఏ టైముకి వస్తుంది, సంపు ఎవరు నింపుతారు, అన్నీ పక్కింటి ఆవిడని అడగండి. ఓనరు చెప్పేదానికంటే ఆవిడ చెప్పేది నమ్మొచ్చు.

ఆమదాలవలస_అత్త (ఆమదాలవలస)
అమ్మాయ్, మీ అత్తగారికి పెన్షన్ వస్తోందా? వస్తుంటే ఆ సంగతి ముందు చూసుకోండి. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తారు కదా, ఆ రోజు ఆవిడ ఊళ్ళో ఉండాలి. వెళ్ళేముందే మీ సచివాలయంలో బదిలీకి పెట్టండి. నాలుగు వేలంటే మీకు సగం అద్దె. రేషన్‌కి మాత్రం కార్డు మార్చక్కర్లేదు, విశాఖలో ఏ డిపోలో వేలిముద్ర వేసినా బియ్యం ఇస్తారు. పాప టీసీ కూడా మర్చిపోకండి.

ఇంకో మాట, ఆషాఢం వస్తోంది. ఆ నెలలో మనవాళ్ళు ఇల్లు మారరు. పాలు పొంగించరు. టు-లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి. మీకు పట్టింపు లేకపోతే అప్పుడు బేరం ఆడండి. పట్టింపు ఉంటే ఆషాఢానికి ముందే మంచిరోజు చూసి పాలు పొంగించేసి, సామాను తర్వాత తెచ్చుకోండి. మా చెల్లెలు అలాగే చేసింది, ఓనరు ఆ నెలకి సగం అద్దే తీసుకున్నాడు.

నాగావళి_గట్టు
అత్తా, పెన్షన్ మాట గుర్తు చేసి చాలా మేలు చేశారు. బదిలీకి పెట్టేశాం. ఆదివారం వెళ్ళి చూసొచ్చాం. రెండు మిగిలాయి. ఒకటి గోస్తని అన్నయ్య చెప్పిన తగరపువలస ఇల్లు, ఏడు వేలు, విశాలంగా ఉంది, విడి మీటరు. రెండోది పెదగదిలిలో కింది పోర్షను, తొమ్మిదిన్నర వేలు, గదులు ఇరుకు, గుమ్మానికి రెండే మెట్లు, కమోడ్ ఉంది, మున్సిపల్ నీళ్ళు పొద్దున్నే వస్తాయట. కానీ కరెంటు ఉమ్మడి మీటరే. ఏం చేయమంటారు?

మీటర్_రీడింగ్
ఇల్లు నచ్చితే మీటరు కోసం వదులుకోకండి. రెండో పోర్షనుకి విడిగా వంటిల్లు, విడి వైరింగు ఉంటే ఓనరు కొత్త సర్వీసుకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఖర్చు ఆయన పెట్టుకున్నా, మీరు పెట్టి అద్దెలో మినహాయించుకున్నా, అది కాగితం మీద ఉండాలి. అందాకా బిల్లు మొత్తం ఎంత వస్తే అంత యూనిట్ల లెక్కన పంచుకోండి. ‘యూనిట్‌కి పది రూపాయలు’ అని విడి రేటు చెబితే మాత్రం ఒప్పుకోకండి. ప్రతినెలా అసలు బిల్లు చూపించమనండి.

గోస్తని_ఒడ్డు
మా వీధి ఇల్లు ఇప్పించాలని నాకూ ఉంది చెల్లెమ్మా, అయినా నిజం చెబుతాను. సెకండ్ షిఫ్టు ఉన్నంతకాలం పెదగదిలే మేలు. నెలకి రెండున్నర వేలు తేడా పెద్దదే. కానీ రాత్రి పూట మీ ఆయన బండి మీద తగరపువలస నుంచి వచ్చి తీసుకెళ్ళాలంటే పెట్రోలుకే అందులో బోలెడంత పోతుంది, పాపనీ పెద్దావిడనీ ఇంట్లో వదిలి రావాలి. షిఫ్టు మారి పొద్దుటి డ్యూటీయే ఖాయమైతే అప్పుడు ఇటు రండి.

తోటపాలెం_మాస్టారు
నాదీ అదే మాట. ఓనరుని తొమ్మిది వేలకి అడగండి. ఏడాది తర్వాత ఎంత పెంచుతారో ఇప్పుడే రాయించండి. దిగేరోజున ప్రతి గదికీ, కుళాయిలకీ, తలుపులకీ ఫొటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసేనాడు ‘ఇది మీరే పగలగొట్టారు’ అనే మాట రాదు.

నాగావళి_గట్టు
పెదగదిలి ఇల్లే ఖాయం చేశాం. తొమ్మిది వేల రెండొందలకి ఒప్పుకున్నారు, రెండు నెలల అడ్వాన్సు. పెయింటింగ్, అడ్వాన్సు తిరిగివ్వడం, ఏడాదికి అయిదు శాతం పెంపు, అన్నీ అగ్రిమెంటులో రాయించాం. కొత్త సర్వీసుకి ఓనరుగారే పెట్టారు, వచ్చేదాకా బిల్లు యూనిట్ల లెక్కన పంచుకుంటాం. ఆయన కులం అడగలేదు, అత్తగారి మోకాళ్ళ గురించే అడిగారు. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించుకుంటామంటే సరేనన్నారు. గోస్తని అన్నయ్యా, మీ వీధి ఇల్లు ఇంకెవరికైనా చెప్పండి, చాలా బాగుంది.

పాలకొండ_కుర్రాడు (పాలకొండ)
అందరికీ నమస్తే. ఈ చర్చ మొత్తం చదివాను. నాకు ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది, హాస్టల్ ఇంకా దొరకలేదు. బ్యాచిలర్స్‌కి ఇవ్వమని అన్నిచోట్లా అంటున్నారు. ముగ్గురం ఉన్నాం. తలా మూడు వేలు పెట్టగలం. ఎక్కడ చూడాలి?

వంశధార_పిల్ల
తమ్ముడూ, ఎంవీపీ కాలనీలో ఆ డబ్బుకి కష్టం. మద్దిలపాలెం లోపలి సందులు, ఇసుకతోట, శివాజీపాలెం చూడండి. మేడ మీద ఒంటిగదులు కుర్రాళ్ళకే ఇచ్చే ఇళ్ళున్నాయి. కానీ రేకుల గది అయితే వద్దు, మే నెలలో లోపల కూర్చుని చదవలేరు. అగ్రిమెంటు ఒక్కరి పేరునే కాకుండా ముగ్గురి పేర్లా రాయించుకోండి. మీ నాన్నగారినో అన్నయ్యనో వెంట తీసుకెళ్తే ఓనర్లు తొందరగా ఒప్పుకుంటారు.

పెందుర్తి_రాజాం
మా తమ్ముడు ఇసుకతోటలోనే ఉంటున్నాడు. వాడి పక్క గది ఈ నెలాఖరుకి ఖాళీ అవుతోంది, స్లాబు గదే. శనివారం సాయంత్రం అయిదింటికి ఇసుకతోట జంక్షన్‌కి ముగ్గురూ కలిసి రండి బాబూ, వాడు చూపిస్తాడు. నంబరు మెసేజ్‌లో పెడుతున్నాను.